మసక చూపు వెనక ఏముంది? శుక్లమైతే ఏం చేయాలి? ఇంటి పరీక్ష నుంచి చివరి చుక్క మందు దాకా

అరవై దాటినవారు "కళ్లు మసకేస్తున్నాయి" అనగానే ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది: "శుక్లాలై ఉంటాయి, ముదిరాక ఆపరేషన్ చేయిద్దాం." చాలాసార్లు అది శుక్లమే అవుతుంది. చిక్కంతా కానప్పుడే. నీటికాసులు (గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు), షుగరు వల్ల రెటీనా (కంటి వెనక తెర) పాడవడం, నల్లగుడ్డు మీద మచ్చ, ఇవన్నీ మసకగానే అనిపించవచ్చు. శుక్లం వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏం చేసినా రాదు. అందుకే ముందు మసక ఎక్కడిదో తేల్చుకోవాలి, ఆపరేషన్ మాట తర్వాత.

కంటిపాప వెనక ఒక లెన్సు ఉంటుంది. వెడల్పు 9 మి.మీ. పైచిలుకు, మందం 4–5 మి.మీ., అంటే కందిగింజ కన్నా కాస్త పెద్దది. పుట్టినప్పుడు గాజులా ఉండే ఈ లెన్సులోని మాంసకృత్తులు వయసుతో ముద్దకడతాయి. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్టే ఇదీ. ఉడికినదాన్ని మళ్లీ సొనగా మార్చే మందు ఎలా లేదో, శుక్లాన్ని కరిగించే చుక్కలూ అలాగే లేవు. ఎవరైనా అమ్మితే డబ్బు దండగ. తేనె, ఉల్లిరసం, ఆకు పసర్లు, అన్నిటికన్నా ఘోరంగా జిల్లేడు పాలు కంట్లో పోసుకుంటే నల్లగుడ్డు పుండుపడి, ఆపరేషన్‌తో బాగుపడాల్సిన కన్ను అసలుకే పోతుంది.

పేరులో తెలుపు ఉంది కాబట్టి కన్ను తెల్లబడితేనే శుక్లం అనుకుంటారు. నిజానికి ఎక్కువమందిలో అది లేత పసుపుతో మొదలై, తేనెరంగుకు తిరిగి, చివరికి గోధుమరంగవుతుంది. టార్చి వేసి చూస్తే ఏమీ కనబడకపోవచ్చు. పాప పాలలా తెల్లగా మెరిసే దశ చాలా ఆలస్యంగా వస్తుంది.

ఇంట్లో పది నిమిషాల పరీక్ష

రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. ఒక కన్ను పూర్తిగా పోయినా నెలల తరబడి తెలియని వాళ్లున్నారు. కాబట్టి ఒక్కో కంటినీ విడిగా చూడాలి. అరచేతిని దోసిలిలా వంచి రెండో కంటిని మూయండి. వేళ్లతో గుడ్డును నొక్కితే ఆ కన్ను తర్వాత కాసేపు మసకగానే ఉంటుంది, పరీక్ష తప్పుతుంది. దూరపు కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడాలి.

గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. తేదీ అంకె ఎత్తు 2 సెం.మీ. ఉందనుకుందాం. పగటి వెలుతురులో 3 మీటర్ల దూరం నుంచి అది చదవలేకపోతే ఆ కంటి చూపు సుమారు 6/24 కన్నా తక్కువన్నమాట. అదే దూరంలో చూపించిన వేళ్లు కూడా లెక్కపెట్టలేకపోతే 3/60 కన్నా తక్కువ. మన దేశపు లెక్కల్లో రెండు కళ్లలో మెరుగైన కంటికే ఆ స్థితి ఉంటే అంధత్వం కింద రాస్తారు. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల నుంచి చదవగలుగుతోందని అర్థం.

తర్వాత మందపాటి అట్టముక్కకు సన్నమేకు మొనతో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, ఆ రంధ్రంలోంచి అదే అంకెను చూడమనండి. స్పష్టత బాగా పెరిగిందంటే లోపం ఎక్కువగా సైటుది, కళ్లజోడు మారిస్తే సరిపోవచ్చు. ఏమీ మారకపోతే, లేదా ఇంకా చీకటిగా ఉందంటే లెన్సు, రెటీనా, నరం ఈ మూడింటిలో ఏదో ఒకటని అనుమానించాలి. శుక్లం తొలిదశలో సైటు కూడా మారుతుంది గనక రంధ్రంతో కొంత మెరుగైనంత మాత్రాన శుక్లం లేదని కాదు.

రాత్రి ఒక కన్ను మూసి చంద్రుణ్ణో దూరపు వీధి దీపాన్నో చూడాలి. ఒక్క కంటితోనే రెండు మూడు చంద్రులు కనబడితే అది లెన్సు పని కావచ్చు. రెండు కళ్లూ తెరిచినప్పుడు రెండుగా కనబడి, ఏదో ఒక కన్ను మూయగానే ఒకటైపోతే అది శుక్లం కాదు. కంటి కండరాలదో నరాలదో సమస్య. ఉన్నట్టుండి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా, ఒక్కో కంటితో తలుపు అంచునో గళ్ల నోటుపుస్తకాన్నో చూడమనండి. గీతలు వంకర తిరిగినా, నడుమ నల్లమచ్చ అడ్డొచ్చినా రెటీనా నడిమి భాగంలో తేడా ఉంది. శుక్లం గీతను మసక చేస్తుందే గాని వంచదు.

శుక్లం ఎలా బయటపడుతుంది

నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నెలలు ఏళ్లు పడుతుంది. ఇది అన్ని శుక్లాలకూ ఉమ్మడి. మిగతాది లెన్సులో పొర ఎక్కడ కట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

నడిమి గింజ గట్టిపడితే దూరపు చూపు మందగిస్తుంది, దగ్గరి చూపు మాత్రం మెరుగవుతుంది. ఇరవయ్యేళ్లుగా చత్వారపు అద్దాలు లేనిదే పేపరు చదవని తాతగారు ఉన్నట్టుండి అద్దాలు తీసేసి చదవడం మొదలుపెడితే ఇల్లంతా మురిసిపోతుంది. అది చూపు తిరిగిరావడం కాదు. లెన్సు గట్టిపడి మైనస్ సైటు వచ్చింది, దాంతో దగ్గరివి కనబడుతున్నాయి, అంతే. ఏడాదిలోనే రెండు మూడు సార్లు కళ్లజోడు నంబరు మారడమూ దీని గుర్తే.

అంచుల నుంచి చక్రం ఆకుల్లా చారలు దిగే రకంలో రాత్రి ఎదురొచ్చే లారీ లైట్లు చెదిరి కళ్లలో పొడిచినట్టుంటాయి. వెనక గోడకు అంటుకుని పొర కట్టే రకం అన్నిటికన్నా తొందరగా పెరుగుతుంది. నీడలో బాగానే కనబడి, ఎండలోకి రాగానే చూపు పడిపోతుంది. ఎందుకంటే వెలుగులో పాప చిన్నదై, సరిగ్గా ఆ నడిమి పొర గుండానే చూడాల్సి వస్తుంది. నలభైల్లో ఉన్నవారిలో ఈ రకం కనబడితే షుగరు, స్టెరాయిడ్లు, పాత దెబ్బ, కంటి లోపలి వాపు ఈ నాలుగూ వెతకాలి. కీళ్లనొప్పులకూ ఆయాసానికీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏళ్ల తరబడి మింగిన చిన్న మాత్రలు స్టెరాయిడ్లే కావచ్చు. దురదకని మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే కంటి చుక్కల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. అది శుక్లాన్నీ తెస్తుంది, కంటి ప్రెషర్‌నీ పెంచుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సీసాలు, మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి.

శుక్లం కాని మసకలు

రెప్ప కొడితే తేటపడి మళ్లీ మసకేస్తే అది ఎక్కువగా కంటి పొడిదనం. చుట్టూ చూపు కుంచించుకుపోయి, నడుస్తూ పక్కనున్న స్తంభానికి తగులుతూ, ఎదురుగా ఉన్నది మాత్రం బాగానే కనబడితే నీటికాసులు కావచ్చు. నల్లగుడ్డు మీదే తెల్లమచ్చ ఉంటే జనం 'పువ్వు' అంటారు, అది పాత పుండు మానిన మచ్చ. శుక్లం ఆపరేషన్ దానికి పనికిరాదు. ఒకే వారంలో కళ్లజోడు ఒకరోజు సరిపోయి ఇంకోరోజు సరిపోకపోతే షుగరు పరీక్ష చేయించాలి. రక్తంలో చక్కెర ఎగుడుదిగుడైతే లెన్సు నీరు పట్టి సైటు మారుతుంది. షుగరు కొన్ని వారాలు కుదుట పడేదాకా కొత్త అద్దాలు కొనకూడదు.

ఉన్నట్టుండి, నొప్పి లేకుండా ఒక కంటి చూపు పోతే రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు, రెటీనా ఊడి ఉండొచ్చు. గంటల లెక్కన చూపు జారిపోతుంది. మెరుపులు మెరిసి, నల్లటి నలుసులు వానలా రాలి, పక్క నుంచి తెర దిగినట్టయితే రెటీనా డాక్టరు దగ్గరికి ఆ పూటే వెళ్లాలి. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు ఉంటే కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిందన్నమాట. దీన్ని పైత్యమనో గ్యాసనో అనుకుని రాత్రంతా ఇంట్లో పెట్టుకుంటారు. తెల్లారేసరికి నరం దెబ్బతింటుంది.

పసిపిల్లల కంటిపాప తెల్లగా కనబడినా, ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. పుట్టుశుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. పుట్టుశుక్లానికి మొదటి రెండు నెలల్లోపే ఆపరేషన్ చేస్తే చూపు బాగా నిలుస్తుంది. ఆలస్యమైతే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. తర్వాత లెన్సు ఎంత శుభ్రంగా తీసినా ఫలితం అంతంతమాత్రమే.

ఆసుపత్రిలో ఏ పరీక్షలు జరగాలి

చూపు కొలత, కళ్లజోడు పరీక్ష, కంటి ప్రెషర్, స్లిట్ ల్యాంపు (సన్నని వెలుగు గీతతో కంటిని పెద్దది చేసి చూపే పరికరం) కింద లెన్సును చూడటం, పాపను పెద్దది చేసి రెటీనా చూడటం. ఈ అయిదింట్లో ఏది వదిలేసినా పరీక్ష పూర్తికానట్టే. ప్రెషర్ 10–21 మధ్య ఉండటం మామూలు. పాపను పెద్దది చేసే చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు చెదురుతుంది కాబట్టి బండి నడపకుండా తోడు మనిషితో వెళ్లండి.

శుక్లం ఉన్నంత మాత్రాన చూపు తగ్గడానికి అదొక్కటే కారణం కాదు. పొర పలుచగా ఉండి చూపు మరీ తక్కువగా ఉంటే లెక్క సరిపోలేదన్నమాట. అప్పుడు రెటీనా స్కాను అడగండి. పొర మరీ దట్టమై వెనక ఏమీ కనబడకపోతే అల్ట్రాసౌండ్ బీ-స్కాన్‌తో రెటీనా అంటుకునే ఉందో లేదో చూస్తారు. లైటు ఎటువైపు నుంచి వేశారో చెప్పగలిగితే అది మంచి సూచన.

కన్నీటి దారి పరీక్షకు చాలామంది విసుక్కుంటారు. రెప్ప మూలలోని చిన్న రంధ్రంలోంచి మొద్దు సూదితో ఉప్పునీరు పంపుతారు. గొంతులోకి ఉప్పగా దిగితే దారి తెరిచి ఉంది. చీము వెనక్కి తన్నితే కన్నీటి సంచిలో సూక్ష్మజీవుల కాపురం ఉన్నట్టు. ముందు దానికి చికిత్స చేయాలి. ఆ చీము పక్కన పెట్టుకుని లెన్సు ఆపరేషన్ చేయించుకోవడం చేతులారా ప్రమాదాన్ని పిలవడమే.

ప్రభుత్వ అంధత్వ నియంత్రణ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటి చోట్ల లెన్సుతో సహా ఆపరేషన్ ఉచితం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాల్లో రాసిచ్చే చీటీ ఎవరికి పూర్తి పరీక్ష అవసరమో ఏరడం వరకే. దాని మీద నమ్మకంతో రెటీనా పరీక్ష మానేయకూడదు. టెంటు కింద పరీక్ష చేస్తే ఫరవాలేదు గాని, ఆపరేషన్ మాత్రం ఆసుపత్రి థియేటర్లోనే జరగాలి.

ఎప్పుడు చేయించాలి

"ముదరనీ, పండనీ" అన్న మాట పాత రోజులది. అప్పట్లో లెన్సును గుళికలా మొత్తంగా బయటకు లాగేవారు. పండితే తేలిగ్గా వచ్చేది. ఇప్పుడు లోపలే పగలగొట్టి పీల్చేస్తారు కాబట్టి మెత్తగా ఉన్నప్పుడే సులువు. గోధుమరంగు గట్టి గింజను పగలగొట్టడానికి ఎక్కువ శక్తి కావాలి, ఆ వేడికీ కంపనానికీ నల్లగుడ్డు లోపలి కణాలు దెబ్బతింటాయి. మరీ వదిలేస్తే లెన్సు నీరు పట్టి ఉబ్బినా, కరిగి కారినా ప్రెషర్ పెరిగి, పైన చెప్పిన ఎర్రకన్ను, వాంతుల స్థితి వస్తుంది.

అలాగని చిన్న పొర కనబడగానే పరుగెత్తనక్కర్లేదు. పని ఆగితే ఆపరేషన్, అదే కొలత. బియ్యంలో రాళ్లు ఏరలేకపోవడం, సూదిలో దారం ఎక్కించలేకపోవడం, బస్సు బోర్డు చదవలేకపోవడం, మెట్టు కనబడక కాలు జారడం, ఇలాంటివి మొదలైతే సమయం వచ్చినట్టే. 6/9 చూపున్న లారీ డ్రైవరుకు రాత్రి లైట్లు చెదురుతుంటే అతనికి ఇప్పుడే అవసరం. 6/18 ఉన్నా తన పనులన్నీ హాయిగా చేసుకునే ముసలమ్మ ఆరునెలలకోసారి చూపించుకుంటూ ఆగొచ్చు. డాక్టరు రెటీనా చూడ్డానికి పొర అడ్డొస్తుంటే మాత్రం, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, చూపు బాగున్నా తీయించాల్సి రావచ్చు.

కొలత: అసలు ఫలితం తేలేది ఇక్కడే

ఎంత ఖరీదు లెన్సు అన్నదాని మీద గంటలు మాట్లాడతారు, కన్ను ఎలా కొలిచారని అడిగేవారు తక్కువ. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు ఈ రెండు అంకెలతో లోపల పెట్టే లెన్సు పవరు లెక్కిస్తారు. మామూలు కంటి పొడవు 23.5 మి.మీ. దగ్గర, వంపు 44 పవరు దగ్గర, అలాంటి కంటికి పట్టే లెన్సు సుమారు 21 పవరు. పొడవులో ఒక మిల్లీమీటరు తప్పితే ఫలితంలో రెండున్నర పవరు తేడా వస్తుంది. గొట్టాన్ని నల్లగుడ్డుకు ఆనించి కొలిచే పాత పద్ధతిలో చెయ్యి కాస్త నొక్కితే 23.5 ఉన్న కన్ను 23.1గా పడుతుంది. ఆ 0.4 చాలు, ఆపరేషన్ అయ్యాక ఒక పవరు మైనస్ సైటు మిగలడానికి. కాంతితో, కంటిని తాకకుండా కొలిచే యంత్రంలో ఈ బాధ లేదు. కాకపోతే దట్టమైన పొర గుండా ఆ కాంతి పోలేకపోవచ్చు. అప్పుడు నీటి గిన్నెలాంటి అమరికతో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు.

కాగితం మీద మీరే చూసుకోగలిగినది ఒకటుంది. రెండు కళ్ల పొడవుల మధ్య తేడా 0.3 మి.మీ. దాటితే, వంపుల మధ్య తేడా ఒక పవరు దాటితే మళ్లీ కొలవమని అడగండి. నిజంగానే తేడా ఉండొచ్చు, కానీ రెండోసారి కూడా అంతే వచ్చాకే నమ్మాలి. ప్రెషర్ కొలతకు వేసే మొద్దుబారే చుక్కలు నల్లగుడ్డు పైపొరను చెదరగొడతాయి కాబట్టి వంపు కొలత వాటికి ముందే జరగాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు వాడేవారు ఒకటి రెండు వారాల ముందే మానేయాలి. ఎప్పుడో సైటు పోవడానికి లేసర్ చేయించుకున్నవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. మామూలు లెక్క వాళ్లకు తప్పుతుంది, వేరే సూత్రం వాడాలి. పాత నంబర్ల చీటీ దొరికితే మరీ మంచిది.

ఏ లెన్సు పెట్టించుకోవాలి

లోపలి లెన్సుకు మూలపురుషుడు లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, 1949లో. యుద్ధవిమానాల కిటికీ అద్దపు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిరస్కరించకపోవడం గమనించి ఆ ప్లాస్టిక్‌నే ఎంచుకున్నాడాయన. మదురై అరవింద్ ఆసుపత్రికి చెందిన ఆరోల్యాబ్ 1992 నుంచి ఇక్కడే తయారు చేయబట్టి ధర దిగి, లెన్సు పేదవాడికీ అందింది.

ఒకే దూరానికి స్పష్టంగా చూపే మామూలు లెన్సు ఎక్కువమందికి సరిపోతుంది. దూరానికి పెడితే చదవడానికి రెండున్నర పవరు అద్దాలు కావాలి. నల్లగుడ్డు వంపులో అడ్డం నిలువు తేడా ఒక పవరు దాటితే ఆ తేడాను సరిచేసే టోరిక్ లెన్సు పనికొస్తుంది. అది ఇరుసు తప్పి తిరిగితే లాభం పోతుంది. దగ్గరా దూరమూ రెండూ చూపే మల్టీఫోకల్ లెన్సులు అద్దాల అవసరం తగ్గిస్తాయి, కానీ రాత్రి దీపాల చుట్టూ వలయాలు, కొంచెం పలచబడిన స్పష్టత దాని మూల్యం. రాత్రి బండి నడిపేవారికీ, రెటీనా లేదా నీటికాసుల జబ్బున్నవారికీ, చిన్న తేడాకే అల్లాడిపోయే స్వభావమున్నవారికీ మేమైతే వద్దనే అంటాం.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది: ఏ దూరానికి పెట్టాలి? నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అమ్మకు, మగ్గం మీద కూర్చునేవారికి, దర్జీకి మూరెడు దూరమే ప్రపంచం. వాళ్లకు రెండు రెండున్నర మైనస్ మిగిల్చి పెడితే పని అద్దాలు లేకుండా సాగుతుంది, దూరానికి జోడు పెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచి మైనస్ సైటు ఉండి అద్దాలు తీసి చదివే అలవాటున్నవాళ్లకు దూరానికి సున్నా చేసేస్తే, "చూపు వచ్చింది గాని చదువు పోయింది" అని బాధపడతారు. ఈ మాట కొలతల రోజే తేల్చుకోవాలి, టేబుల్ ఎక్కాక కాదు.

ఆపరేషన్ ముందు

షుగరు 200 లోపు, బీపీ 160/100 లోపు ఉంటే సాధారణంగా ముందుకు వెళతారు. మందులు మామూలుగానే వేసుకోవాలి. రక్తం పలుచన చేసే మాత్రలు మీ అంతట మీరు మానకండి, గుండెకు జరిగే నష్టం కంటికి జరిగే లాభం కన్నా పెద్దది. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్న, లేదా ఎప్పుడో వాడిన మగవాళ్లు తప్పక చెప్పాలి. కంటిపాప చుట్టూ ఉండే కండ మెత్తబడి, ఆపరేషన్ మధ్యలో గాలికి ఆడే పరదాలా వచ్చి పరికరానికి తగులుతుంది. ముందే తెలిస్తే డాక్టరు తగిన ఏర్పాటు చేసుకుంటారు. మాత్ర మానేసినా ఆ మెత్తదనం పోదు కాబట్టి మానడం వల్ల ప్రయోజనం లేదు.

ఆ రోజు పొద్దున తలస్నానం చేసి, కాటుక, బొట్టు, నూనె లేకుండా రండి. మత్తు చుక్కలతోనే చేసే ఆపరేషన్‌కు చాలాచోట్ల తేలికపాటి టిఫిన్ తినమనే అంటారు. షుగరున్నవారు ఉపవాసం ఉండి కళ్లు తిరిగి పడిపోవడం మంచిది కాదు. దగ్గుంటే ముందే చెప్పండి. ఆరోగ్య బీమా ఉంటే శుక్లానికి ఉండే నిరీక్షణ కాలం, ఖర్చు పరిమితి పాలసీలో చూసుకోండి, తరచూ ఈ రెండే తగవులకు దారితీస్తాయి.

టేబుల్ మీద

చర్మాన్ని 10 శాతం, కంటిని 5 శాతం పోవిడోన్ అయోడిన్‌తో కడుగుతారు. చీము పట్టకుండా ఆపడంలో దీనికి గట్టి ఆధారం ఉంది. 'లేసర్ ఆపరేషన్' అని జనం పిలిచే ఫేకో నిజానికి లేసర్ కాదు. 2.2 నుంచి 2.8 మి.మీ. కోతలోంచి వెళ్లిన సూది సెకనుకు దాదాపు 40,000 సార్లు కంపించి లెన్సును పొడి చేస్తుంది, అదే గొట్టం పీలుస్తుంది. 1967లో చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. లెన్సు సంచి ముందు గోడలో 5 మి.మీ. గుండ్రని తలుపు కోసి, వెనక గోడను అలాగే ఉంచి, ఆ సంచిలోనే మడత లెన్సును విప్పుతారు. ఆ వెనక గోడ మందం నాలుగు మైక్రాన్లే. అది చిరిగితే లెన్సు వేరే చోట అమర్చాల్సి రావచ్చు, రెండో ఆపరేషన్ పడొచ్చు. కుట్టు లేకుండా 6–7 మి.మీ. కోతతో చేసే, 'చిన్న కోత' (SICS) అని పిలిచే పద్ధతి పాతబడిపోయిందనుకోవద్దు. రాయిలా గట్టిపడిన గోధుమరంగు శుక్లానికి చాలామంది నిపుణులు దాన్నే ఎంచుకుంటారు.

మీ పనల్లా పదిహేను ఇరవై నిమిషాలు తల కదపకుండా ఉండటం. దగ్గు వస్తే, మూత్రం వస్తే ముందు నోటితో చెప్పండి, చెయ్యి మాత్రం ఎత్తకండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు లెన్సు పేరు, పవరు, వరుస సంఖ్య ఉన్న స్టిక్కరును ఫైల్లో అంటించారో లేదో చూసుకోండి.

చుక్కలు వేయడం, దగ్గరుండి

సబ్బుతో చేతులు కడుక్కుని పడుకోబెట్టండి. కింది రెప్పను బుగ్గ మీదకి లాగితే చిన్న గుంట ఏర్పడుతుంది. సీసా మూతిని కంటికి, రెప్పవెంట్రుకలకు తగలకుండా ఒక సెంటీమీటరు పైన పట్టి ఒక్క చుక్క వేయండి. ఒక్క చుక్కే ఎక్కువ, కన్ను పట్టేది అందులో సగం. రెండో చుక్క చెంప మీదికే కారుతుంది. రెప్ప మెల్లగా మూయమనండి, బిగించి మూస్తే మందు బయటికి తోసుకొస్తుంది. ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం అదిమి పట్టండి. ఇంకో మందు వేయాలంటే అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్ చుక్క) సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది.

మామూలుగా రాసే చీటీ ఇలా ఉంటుంది: యాంటీబయాటిక్ రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు వారం పాటు. స్టెరాయిడ్ చుక్క మొదటివారం ఆరుసార్లు, తర్వాత వారానికొకటి తగ్గిస్తూ అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మీ చీటీలో ఎలా ఉంటే అలాగే. ఎక్కువగా జరిగే తప్పులు రెండు. పదో రోజుకు "బాగానే ఉందిగా" అని ఆపేయడం ఒకటి, దాంతో లోపలి వాపు తిరగబెడుతుంది. ఆరువారాలైనా "మంచిదేగా" అని కొనుక్కుని వేసుకుంటూ పోవడం రెండోది, దాంతో ప్రెషర్ పెరుగుతుంది. ఒకపూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేయండి, రెట్టింపు వేయొద్దు. తెరిచిన సీసా నెల తర్వాత పారేయాలి.

కంటిని తుడవడానికి దూదిని పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టి, చల్లార్చి, పిండి, ముక్కు వైపు నుంచి బయటికి ఒకసారే తుడవండి. ఒక ముక్క ఒక్కసారికే. చీరకొంగు, తువ్వాలు వద్దు.

పథ్యం విషయంలో పెద్దవాళ్లతో వాదన తప్పదు. పప్పు, వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. అన్నీ తినొచ్చు, షుగరున్నవారు షుగరు పథ్యమే పాటించాలి. టీవీ, చదువు, ఫోను వల్ల కంటికి నష్టం లేదు. ఆపవలసినవి వేరే: కన్ను నలపడం, రెండువారాల దాకా తల మీది నీళ్లు కంట్లో పడటం, నెలపాటు బావి, చెరువు స్నానాలు, బరువులు మోయడం, పొలం దుమ్ము, కట్టెపొయ్యి పొగ. రాత్రి వారం పాటు ప్లాస్టిక్ కప్పు కట్టుకుని పడుకోవాలి, నిద్రలో చెయ్యి పడకుండా. విమానం ఎక్కడం వల్ల లెన్సుకేమీ కాదు. అయితే అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లాల్సిన తల్లిదండ్రులు ఆరువారాల గడువు పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంటే చివరి పరీక్షా, కొత్త అద్దాలూ అయిపోయి నిశ్చింతగా వెళ్లొచ్చు.

ఏది మామూలు, ఏది ప్రమాదం

మొదటి రెండు మూడు రోజులు నీరు కారడం, ఇసుక పడ్డట్టుండటం, తెల్లగుడ్డు మీద ఎర్రచుక్క మామూలే. తెల్లటివి నీలంగా కనబడతాయి. ఇన్నాళ్లూ పసుపు పొర గుండా చూసిన సున్నపు గోడ ఒక్కసారిగా తన అసలు రంగులో కనబడేసరికి అలా అనిపిస్తుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది.

కట్టు విప్పిన రోజు బాగా కనబడి, రెండు నుంచి ఏడు రోజుల మధ్య నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గుతుంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. చాలా అరుదు, కానీ ఇక్కడ గంటలే లెక్క. ఫోను చేస్తే "రేపు రండి" అన్నా ఒప్పుకోకండి, ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లండి. కంటి లోపలికే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలి, చుక్కలూ మాత్రలూ సరిపోవు. నాలుగు నుంచి ఆరువారాల మధ్య నొప్పి లేకుండా చూపు మసకేస్తే రెటీనా నడుమ నీరు చేరి ఉండొచ్చు. షుగరున్నవారిలో ఇది ఎక్కువ, చుక్కలతో చాలామందికి తగ్గుతుంది.

నెలలో ఏళ్లో గడిచాక "మళ్లీ శుక్లం వచ్చింది" అంటారు. తీసేసిన లెన్సు మళ్లీ పెరగదు. మిగిల్చిన వెనక గోడ మీద కణాలు పాకి పొర కడుతుంది. దీనికి మాత్రం నిజంగానే లేసర్, పేరు యాగ్. గోడ నడుమ కిటికీ తెరుస్తుంది. కోత లేదు, కట్టు లేదు, అయిదు నిమిషాల పని. తర్వాత కొన్నాళ్లు నలుసులు కనబడొచ్చు, మెరుపులు మొదలైతే మాత్రం రెటీనా చూపించాలి.

కళ్లజోడు కొలత ఫేకో అయితే నాలుగు వారాలకు, చిన్న కోత అయితే ఆరువారాలకు. అంతకు ముందు చేయించిన అద్దాల నంబరు మారిపోతుంది. రెండో కంటికి ఒకటి నుంచి నాలుగు వారాలు ఆగుతారు. మొదటి కన్ను సున్నాకు వచ్చి రెండోది మైనస్ 8లోనే ఉండిపోతే ఆ రెండు బొమ్మలనూ మెదడు కలపలేదు. తల తిరుగుతుంది, మెట్లు దిగడం కష్టమవుతుంది, అలాంటివారు రెండోదాన్ని వీలైనంత త్వరగా చేయించుకోవాలి. మొదటి కంటికి వచ్చిన ఫలితం లెక్కకు ఎంత దూరంగా ఉందో చూసి రెండో కంటి లెన్సు పవరును సవరించుకోవచ్చు. అందుకే రెండోసారి వెళ్లేటప్పుడు ఆ స్టిక్కరు అంటించిన ఫైలు, కొత్త అద్దాల చీటీ రెండూ చేతిలో ఉండాలి.